మేనమామ రైల్వే స్టేషన్ బయట పడుకుంటున్నారు, వసతి కేంద్రానికి రానంటున్నారు: అనుభవమున్నవారు చెప్పగలరా?

ప్రశ్న: కరీంనగర్ కోడలు

అందరికీ నమస్కారం. మా అమ్మ తమ్ముడికి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. సుతారి మేస్త్రీగా హనుమకొండ చుట్టుపక్కల ముప్పయ్యేళ్ళు ఎందరికో ఇళ్ళు కట్టారు కానీ, తనకంటూ ఒక గది కట్టుకోలేకపోయారు. కట్టుకుందామని కొన్న జాగా మా అత్తమ్మ కాన్సర్ వైద్యానికి అమ్ముడుపోయింది. రెండేళ్ళ కిందట అత్తమ్మ పోయాక మందు ఎక్కువై పని తగ్గింది. నాలుగు నెలల అద్దె నిలిచిపోయేసరికి ఇంటివాళ్ళు సామాను బయట పెట్టారు. మొదట్లో కట్టుబడిలో ఉన్న ఇళ్ళలోనే రాత్రిళ్ళు పడుకునేవారు. ఆ ఇళ్ళు పూర్తయి గృహప్రవేశాలు జరిగాక ఆ ఆసరా కూడా పోయి, దీపావళి నుంచి కాజీపేట స్టేషన్ బయట పడుకుంటున్నారు. పిల్లలు లేరు.

నేను అత్తగారింట్లో ఉంటాను. రెండు గదుల ఇల్లు, అందులో పక్షవాతంతో మంచం పట్టిన మామగారు. మేనమామను తీసుకువచ్చి పెట్టుకునే పరిస్థితి నాకు లేదు. నెలకోసారి బస్సెక్కి వెళ్ళి బట్టలూ కొంత డబ్బూ ఇచ్చి వస్తాను. ఆ డబ్బు ఏమవుతుందో నాకు తెలుసు, నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. ఇచ్చిన దుప్పటి రెండుసార్లు పోయింది. ఆధార్ కార్డూ ఫోనూ ఒకే రాత్రి పోయాయి.

పట్టణ నిరాశ్రయుల వసతి కేంద్రం ఒకటి ఉందని పోయిన వారం ఒక ఆటో అన్న చెప్పారు. అక్కడికి పోదామని అడిగితే, "అది బిచ్చగాళ్ళను పట్టుకుపోయి పెట్టే జైలు, నేను పనిచేసే మనిషిని" అన్నారు. పక్కనున్న సంచి మీద నుంచి చేయి తీయకుండానే ఆ మాట అన్నారు. నిజంగా అది ఎలాంటి చోటు? గుర్తింపు కార్డు లేకపోతే రానిస్తారా, తాగే మనిషిని ఉండనిస్తారా, అన్నిటికంటే ముఖ్యంగా రానన్న మనిషిని ఎలా ఒప్పించాలి? ఆ దారిన నడిచి వచ్చినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: భీవండి నుంచి తిరిగొచ్చినవాడు

చెల్లెమ్మా, నేను ఏడు నెలలు బయటా, పదకొండు నెలలు వసతి కేంద్రంలోనూ ఉన్నాను కాబట్టి మీ మామయ్య వైపు నుంచి చెబుతాను.

మా నాన్న ఆజంజాహీ మిల్లు కార్మికుడు. నిజాం కాలంలో 1934లో పెట్టిన ఆ మిల్లు చల్లబడ్డాక, మగ్గం పని తెలిసినవాళ్ళు చాలామంది మహారాష్ట్రలోని భీవండికో గుజరాత్‌లోని సూరత్‌కో వెళ్ళిపోయారు. నేనూ పంతొమ్మిదేళ్ళప్పుడు భీవండి వెళ్ళి ఇరవై రెండేళ్ళు మరమగ్గాల మీద పనిచేశాను. దగ్గు పట్టుకుని పని సాగకపోయేసరికి సేటు లెక్క చూసి పంపించేశాడు. ఇంటికి పోతున్నానని రైలెక్కాను. వరంగల్‌లో దిగాక తెలిసింది, తమ్ముడు ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయాడని, నా వాటా కాగితం మీద నా వేలిముద్ర ఎప్పుడో పడిందని. ఆ సంగతి ఇక్కడ ఎందుకులెండి.

బయట పడుకోవడం కూడా ఒక పనే, నేర్చుకోవాల్సి ఉంటుంది. చెప్పులు తల కింద పెట్టుకోకపోతే తెల్లవారేసరికి ఉండవు. డబ్బు లుంగీ మొలలో దాచకూడదు, అందరూ ముందు వెతికేది అక్కడే. చలికాలంలో టీ బండి పొయ్యి పెట్టిన చోట నేల నడిరాత్రి దాటినా వెచ్చగా ఉంటుంది కాబట్టి, ఆ నాలుగడుగుల చోటు కోసం రోజూ పోటీ ఉంటుంది. గస్తీవాళ్ళు రాత్రికి రెండుసార్లయినా లేపుతారు. ఏడు నెలల్లో నేను ఒక్కనాడు కూడా ఏకబిగిన మూడు గంటలు నిద్రపోయిన గుర్తు లేదు. నిద్రలేని మనిషి పొద్దున అడ్డా మీద నిలబడితే మేస్త్రీలు మొహం చూసే వద్దంటారు, కూలి దొరకని నాడు సాయంత్రమే తాగబుద్ధవుతుంది. మీ మామయ్య తాగడం వల్ల రోడ్డున పడ్డారా, రోడ్డున పడడం వల్ల ఇంతగా తాగుతున్నారా అన్నది ఇప్పుడు తేల్చుకోవాల్సిన లెక్క కాదు.

వసతి కేంద్రం కేర్‌టేకరూ, పట్టణ పేదల పథకాలు చూసే సర్కారు సంస్థ మెప్మాలో పనిచేసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) అక్కా కలిసి మూడుసార్లు వచ్చి అడిగారు, మూడుసార్లూ పొమ్మన్నాను. నాలుగోసారి కేర్‌టేకర్ ఒక్కడే వచ్చాడు. రమ్మనలేదు, పక్కన కూర్చుని టీ తాగాడు. "అన్నా, నీ దగ్గు వింటుంటే నాకు నిద్ర పట్టేట్టు లేదు, పొద్దున్నే ఎంజీఎంకు పోదాం, ఈ ఒక్క రాత్రి అక్కడ పడుకో, ఆసుపత్రికి దగ్గరవుతుంది" అన్నాడు. నేను పోతున్నది ఆసుపత్రికి, షెల్టరుకు కాదని నాకు నేను చెప్పుకోవడానికి వీలు కుదిరింది, వెళ్ళాను. ఇన్నేళ్ళు తన కష్టం మీద బతికిన మనిషి ఊరికే రాడు, అతనికి ఒక సాకు చేతికివ్వాలి.

రిజిస్టరులో పేరూ వయసూ ఊరూ రాసుకుని, ఎవరికైనా కబురు చేయాలా అని అడిగారు. వద్దన్నాను. సబ్బు, తువ్వాలు, ఇనుప మంచం, గళ్ళ దుప్పటి ఇచ్చారు. స్నానానికి వెళితే మూడో బకెట్టుకు గానీ ఒంటి మీది నీళ్ళు తెల్లగా దిగలేదు. పడుకున్నాను కానీ నిద్ర రాలేదు. రైళ్ళ చప్పుడు లేకపోవడమే కారణమని చాలాసేపటికి తెలిసింది. తెల్లవారుజామున పక్క మంచం పెద్దాయన నా తల వైపు చూసి నవ్వాడు, నేను చెప్పులు తల కింద పెట్టుకునే పడుకున్నాను. తలగడ ఎత్తి చూపిస్తే ఆయనవీ అక్కడే ఉన్నాయి.

పరీక్షల్లో టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగాను. మందులు ఉచితమే, పోషకాహారానికని అప్పట్లో నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేవారు, ఇప్పుడది 1,000 అయింది. ఆ 500 కోసం ఖాతా, ఖాతా కోసం ఆధార్, ఆధార్‌లో చిరునామా భీవండిది. అది మార్చుకుంటే తప్ప ఇక్కడ నేనెవరినో రుజువు కాదని అప్పుడే తెలిసింది. అక్కడంతా బాగుందని చెప్పను. రెండు నెలలు రాత్రిపూట కిచిడీ తప్ప ఏమీ లేదు, ఫ్యాను కింది మంచం కోసం కొట్టుకున్నవాళ్ళున్నారు, నా కొత్త చొక్కా ఒకటి ఆరేసిన చోటు నుంచే మాయమైంది. అయినా తలుపుకు గడియ ఉంది. ఇప్పుడు ఒక గోదాములో రాత్రి కాపలా చేస్తూ అద్దె గదిలో ఉంటున్నాను.

మీరు రాసిన దానిలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. సంచి మీద చేయి తీయలేదన్నారు కదా, అందులో ఏముందో అడిగారా?

జవాబు: ములుగు రోడ్డు

అక్కా, కటువుగా అంటున్నానని అనుకోవద్దు. మేనకోడలు ఉండి కూడా మేనమామ స్టేషన్ దగ్గర పడుకోవడం మంచి పద్ధతి కాదు. ఇంట్లో వీలు కాకపోతే పోలీసులకు చెప్పి బండిలో ఎక్కించి షెల్టరులో దింపించండి. మొదట తిట్టినా తరువాత ఆయనే సంతోషిస్తారు. తాగేవాళ్ళతో బతిమాలి పని జరగదు.

జవాబు: పాత కేర్‌టేకర్

ములుగు రోడ్డు గారి సలహాతో నేను ఏకీభవించలేను. అయిదేళ్ళు వసతి కేంద్రంలో పనిచేశాను. బండిలో ఎక్కించి తెచ్చినవాళ్ళు మరునాడు పొద్దున టిఫిను కూడా ఆగకుండా వెళ్ళిపోయి, ఆ తరువాత మేము కనిపిస్తే దారి మార్చి నడిచేవారు. వసతి కేంద్రానికి బయట నుంచి తాళం ఉండదు, ఇష్టపడి వచ్చినవారు ఇష్టమైనప్పుడు పోవచ్చు. పోలీసులు తమంతట తాముగా రక్షణలోకి తీసుకోవాలని చట్టం చెప్పే సందర్భం వేరు. మానసిక అనారోగ్యంతో తనను తాను చూసుకోలేక తిరుగుతున్నవారి విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ఆ బాధ్యత పెట్టింది. అప్పుడు కూడా లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటలలోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. మీ మేనమామ మాటను బట్టి ఆయనకు తానెవరో, ఏమి వద్దనుకుంటున్నారో స్పష్టంగానే తెలుసు.

జైలు అనే భయం ఊరికే పుట్టలేదు. బిచ్చమెత్తడాన్ని నేరంగా చూసే 1977 నాటి చట్టం మన దగ్గర ఉంది కాబట్టి, రోడ్డు మీద ఉన్నవాళ్ళకు సర్కారు బండి అంటే ఆ జ్ఞాపకమే వస్తుంది. వసతి కేంద్రాలు వచ్చింది వేరే దారిలో. 2001లో వేసిన ఆహార హక్కు కేసులోనే 2010లో సుప్రీంకోర్టు చలికి చనిపోతున్నవారి సంగతి విచారించి, నగరాలలో ప్రతి లక్ష జనాభాకు ఒక వసతి కేంద్రం ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలన్నది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో అదే పథకమైంది: ఒక్కో కేంద్రంలో నూరుమందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, రైల్వే స్టేషన్లకూ బస్టాండ్లకూ మార్కెట్లకూ దగ్గరగా. మన రాష్ట్రంలో ఆ పని చూసేది మెప్మా. 2011 జనగణన లెక్కన ఇప్పటి వరంగల్ నగర పరిధి జనాభా దాదాపు 8 లక్షలు, కొలత ప్రకారం ఎన్ని ఉండాలో మీరే లెక్కవేసుకోండి. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవారికి కూడా ఒక్కటి ఎక్కడుందో తెలియకపోవడం మా తప్పే. మేము బోర్డు పెట్టి కూర్చున్నాం, రాత్రిళ్ళు తిరగాల్సినంత తిరగలేదు.

మీ ప్రశ్నలకు వస్తాను. లోపలికి రావడానికి ఆధార్ అడగకూడదు. ఎవరైనా అడిగితే మున్సిపల్ కార్యాలయంలో మెప్మా వారిని కలవండి. పోయిన ఆధార్ విషయానికి వస్తే, నంబరు గుర్తులేకపోయినా ఆధార్ కేంద్రంలో వేలిముద్రలతో వెతికి తీస్తారు. అయితే మీ మామయ్యది సుతారి పని కాబట్టి ఒక మాట ముందే చెబుతున్నాను: సిమెంటులో ముప్పయ్యేళ్ళు నానిన వేళ్ళకు ముద్రలు నిలవవు. యంత్రం రెండుసార్లు వద్దనగానే పంపించేస్తారు, ఆయన అవమానపడి మళ్ళీ రారు. కనుపాపతో చూడమని మీరే అడగండి. చిరునామాకు గుర్తింపు పొందిన వసతి గృహం నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం పనికివస్తుంది. ఓటరు నమోదుకైతే అదీ అక్కర్లేదు. ఇల్లు లేని మనిషి ఫారం 6లో ఏ చోటు రాస్తే, బూత్ అధికారి ఒకటికి రెండు రాత్రులు ఆ చోటికి వెళ్ళి అక్కడే పడుకుంటున్నారా లేదా చూసి నమోదు చేయాలి.

తాగడం గురించి: లోపల తాగనివ్వరు, తాగి వచ్చి గొడవపడితే ఉండనివ్వరు. తాగి వచ్చి నోరు మూసుకుని పడుకునేవారిని నేనైతే ఏనాడూ వెళ్ళగొట్టలేదు, నా తరువాత వచ్చినవారు ఎలా చేస్తున్నారో అది వారి స్వభావాన్ని బట్టి ఉంటుంది. కానీ దయచేసి "ఇవాళ్టి నుంచి మానేస్తేనే తీసుకెళ్తా" అని పంతం పెట్టకండి. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ కూడా రావచ్చు, అది ప్రాణం మీదికి వస్తుంది. మానించడం ఎంజీఎం మానసిక విభాగం వైద్యుల చేతిలో జరగాలి. ఫోనులో మాట్లాడాలంటే సర్కారు మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కు చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

చివరిగా, ఆయనకు యాభై ఆరు అన్నారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో 18 నుంచి 60 ఏళ్ళ లోపువారినే నమోదు చేసుకుంటారు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. ముప్పయ్యేళ్ళ మేస్త్రీకి ఇప్పటిదాకా లేబర్ కార్డు లేకపోతే ఇంకా నాలుగేళ్ళే గడువు. "పనిచేసే మనిషిని" అని ఆయన అన్నారు కదా, ఆ మాటను కాగితం మీదికి ఎక్కించేది ఆ కార్డే.

జవాబు: నర్సంపేట తల్లి

పై ఇద్దరూ మగవాళ్ళ సంగతి చెప్పారు కాబట్టి ఈ చర్చ చదివే ఆడవాళ్ళ కోసం కొంచెం రాస్తున్నాను. నేను పాపతో రాత్రి పదకొండు గంటలకు ఇంట్లోంచి బయటికి వచ్చాను. బస్టాండులో కూర్చుని తెల్లవార్లూ పాపను బస్సు కోసం చూస్తున్నట్టు నటించమన్నాను, ఎందుకంటే బస్సు కోసం ఎదురుచూసే ఆడదాన్ని ఎవరూ ఏమీ అడగరు. రెండో రాత్రి బస్టాండులో ఊడ్చే అమ్మ కనిపెట్టి మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయించింది. ఆపదలో ఉన్న ఆడవాళ్ళ కోసం సర్కారు నడిపే సఖి కేంద్రంలో అయిదు రోజులు ఉండనిచ్చారు, అక్కడ ఉండే గడువే అంత. ఆ తరువాత మహిళల వసతి గృహానికి పంపారు. అక్కడ వార్డెను నోటి దురుసుతనం ఇప్పటికీ మరచిపోలేదు, కానీ పాపను బడిలో చేర్చడానికి సంతకం పెట్టింది కూడా ఆమే. పాప బడి సంచిని మంచం కోడుకు కట్టుకుని పడుకునేది, ఇప్పుడు సొంత గదిలో కూడా అలాగే చేస్తుంది.

కరీంనగర్ అక్కా, ములుగు రోడ్డు గారి మాటకు మీరు కుమిలిపోవద్దు. నన్ను ఇంట్లో పెట్టుకోలేకపోయిన మా అక్క నెలకోసారి వచ్చి నా తలకు నూనె రాసి పోయేది. ఆ నెలంతా నేను మనిషిననే ధైర్యం ఉండేది. మీరు బస్సెక్కి పోవడం ఆపకండి.

జవాబు: కరీంనగర్ కోడలు

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. అందరి మాటలూ మా ఆయనకు చదివి వినిపించాను. ములుగు రోడ్డు అన్నా, మీరు అన్నదానిలో నాకు నొప్పి కలిగించింది ఉంది కానీ అబద్ధం లేదు.

సంచి గురించి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తరువాత మూతి విప్పి చూపించారు. రెండు తాపీలు, గుండు, దారం కండె, మూలమట్టం, ఒక రందా చెక్క. తాపీ అంచుకు తుప్పు పట్టకుండా నూనె గుడ్డ చుట్టి ఉంది. దుప్పటి పోయినప్పుడు మళ్ళీ కొనుక్కోలేదు గానీ నూనె మాత్రం కొనుక్కుంటున్నారన్నమాట. షెల్టరులో సామాను లోపలికి రానివ్వరని, గేటు దగ్గర తీసుకుంటే మళ్ళీ ఇవ్వరని ఎవరో చెప్పారట. ఇన్నాళ్ళూ ఆయన వద్దన్నది మంచాన్ని కాదు, ఈ సంచిని వదలడాన్ని.

వసతి కేంద్రానికి నేనొక్కదాన్నే వెళ్ళి కేర్‌టేకర్ తమ్ముడితో మాట్లాడాను. అక్కడి పెట్టెల్లో మూలమట్టం పట్టదు. ఆఫీసు బీరువాలో పెట్టి తాళంచెవి ఆయనకే ఇస్తానన్నాడు. భీవండి అన్న చెప్పిన సాకు మాట కూడా అతనికి చెప్పాను. అతను నవ్వి, స్నానాల గదిలో గోడ ప్లాస్టరింగు పెచ్చులు ఊడుతోందనీ, కార్పొరేషనులో అడిగి అడిగి విసిగిపోయాననీ చూపించాడు. ఇద్దరం కాజీపేట వెళ్ళి మామయ్యను ఆ గోడ ఒకసారి చూడమన్నాం. "చూడ్డానికైతే వస్తా" అన్నారు.

వేలితో గోడ కొట్టి చూసి, ఇది ఎవడు చేసిన పని అని తిట్టారు. ఆ రోజు చీకటి పడేదాకా పెచ్చులన్నీ రాలగొట్టి, ఒళ్ళంతా దుమ్ముతో స్నానం చేసి అక్కడే పడుకున్నారు. పొద్దున కూలి అడిగారు. కేర్‌టేకర్ తన జేబులోంచి ఇచ్చాడు. ఆ డబ్బుతో వెళ్ళి రెండు రోజులు కనిపించలేదు, నేను ఇక్కడ ఏడ్చుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఆయనే వచ్చి ఇసుక జల్లెడ పట్టలేదేమని కేకలేశారట. ఇప్పటికి లెక్క చూస్తే ఇరవై రాత్రుల్లో పదకొండు అక్కడ పడుకున్నారు. తాగడం ఆగలేదు. ఎంజీఎంకు రావడానికి ఇంకా ఒప్పుకోలేదు. ఆధార్ కేంద్రంలో పాత కేర్‌టేకర్ గారు చెప్పినట్టే పది వేళ్ళూ పనికిరాలేదు, కనుపాపకు మాత్రం పేరు వచ్చింది. తెర మీద తన పాత ఫోటో చూసి, "దీనిలో మీ అత్తమ్మ కొన్న చొక్కా ఉంది" అన్నారు.

లేబర్ కార్డుకు 90 రోజుల పని ధ్రువీకరణ కోసం పాత మేస్త్రీలను కలవాలి, వచ్చే ఆదివారం వెళ్తున్నాను. నిన్న ఫోను చేసి ఈ వారమైనా కేంద్రంలోనే ఉంటారా అని అడిగితే, "పోయేదెక్కడికి, కొత్త ప్లాస్టరింగుకు ఏడు రోజులు రెండు పూటలా నీళ్ళు కొట్టాలి, ఆ పిలగాడికి అప్పజెప్తే గోడ పగులుతుంది" అన్నారు.